తుంటి విరిగిన పెద్దవారిని మంచం దింపడం ఎలా?

గాజువాకలో రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఎముకల డాక్టరుగారు చేసిన ప్రసంగ పాఠం

మీలో చాలామంది ఇంటి పెద్దవారిని లోపల వార్డులో ఉంచి వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మీ మనసు ఇక్కడ లేదని నాకు తెలుసు. అందుచేత నేరుగా విషయానికి వస్తాను.

"తుంటి విరిగింది, ఆపరేషను చేయాలి" అని మేము చెప్పగానే దాదాపు ప్రతి కుటుంబమూ అనే మాట ఒకటుంది. "ఆమెకు ఎనభై ఏళ్ళండీ, ఈ వయసులో కోత ఎందుకు? ఎలాగూ ఎక్కడికీ వెళ్ళేది లేదు, మంచం మీదే చూసుకుంటాం" అంటారు. ఇది ప్రేమతో అన్న మాటే. కానీ ఒక లెక్క చూడండి. విరిగిన తుంటి అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఎనభై ఏళ్ళ మనిషి ఆ మూడు నెలలూ కదలకుండా పడుకుంటే ఎముక అతుక్కునే లోపు మనిషి చేజారిపోవచ్చు. ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది. నడుము కింద చర్మం పుండవుతుంది. కాలి నరాలలో రక్తం గడ్డకట్టి గుండెకు, ఊపిరితిత్తులకు ఎక్కవచ్చు. మూత్రంలో చీము వస్తుంది. తిండి తగ్గిపోతుంది. కొందరికి మతి తప్పి, ఇంట్లోవారినే గుర్తుపట్టని స్థితి వస్తుంది. ఏ దేశపు లెక్కలు చూసినా తుంటి విరిగిన వృద్ధులలో సుమారు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ మంది, ఏడాది తిరక్కుండా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమందిని తీసుకుపోయేది విరిగిన ఎముక కాదు, మంచం.

కాబట్టి మేము లోపల పెట్టే లోహానికి పని ఒకటే. ఎముక తన బలం తాను తెచ్చుకునేవరకు ఆ బరువును తాను మోయడం. అప్పుడు మీ అమ్మగారు రేపో ఎల్లుండో లేచి కూర్చోగలుగుతారు, వాకరు పట్టుకుని నిలబడగలుగుతారు. ఇక ఈ లోహం ఎలా మోస్తుందో, ఎప్పుడు మోయలేకపోతుందో చెబుతాను. అది తెలిస్తే డాక్టరును ఏమి అడగాలో మీకే అర్థమవుతుంది.

ముందు ఇంట్లో జరిగేది చెప్పుకుందాం. పెద్దవారి తుంటి విరగడానికి పెద్ద ప్రమాదం అక్కరలేదు. స్నానాల గదిలో తడి టైల్సు మీద కాలు జారుతుంది, రాత్రి చీకట్లో గడప తగులుతుంది, చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుంటాయి. నిలబడిన ఎత్తు నుంచి పక్కకు పడితే చాలు. పడిన తరువాత లేవలేకపోవడం, గజ్జలో నొప్పి, ఆ కాలు రెండోదానికంటే పొట్టిగా కనబడుతూ పాదం బయటికి తిరిగి ఉండడం, ఇవి గుర్తులు. కొందరికి విరిగిన ముక్కలు ఒకదానిలోకి ఒకటి దిగి ఉంటాయి. వారు కుంటుతూ నడుస్తారు కూడా. నొప్పి మోకాలిలో ఉందని చెబుతారు, మీరు మోకాలికి నూనె రాస్తారు. నాలుగు రోజుల తరువాత ఆ ముక్కలు జారిపోయి మనిషి కూలబడుతుంది. పడిన పెద్దవారు కాలు మోపడానికి బాధపడుతుంటే మోకాలు మాత్రమే కాదు, తుంటి ఎక్స్‌రే కూడా తీయించండి. ఎక్స్‌రేలో కనబడకపోయినా నొప్పి తగ్గకుంటే ఎమ్మారై గానీ సీటీ గానీ అవసరం కావచ్చు.

కాలు లాగకండి, తోమకండి, నడిపించి చూడకండి. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి కలిపి వదులుగా కట్టి, 108కి ఫోను చేయండి. షేర్ ఆటోలో కాళ్ళు ముడిచి కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ల మీద కుదుపుకుంటూ తేవడం ఆ మనిషికి నరకం.

కట్టు సంగతి కూడా అడుగుతారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు లేరు. ఆ కట్టువారిని నేను తక్కువ చేయను. ముంజేయి విరిగితే పైనా కిందా బద్దలు పెట్టి బిగించవచ్చు, ఎందుకంటే ఎముక చేతికి అందుతుంది. తుంటి అలా కాదు. శరీరంలోని బలమైన కండరాల అడుగున, లోతుగా ఉంటుంది. బయట ఎంత బిగించినా ఆ కట్టు ఎముకను పట్టదు, చర్మాన్నే పడుతుంది. లోపల కండరాలు మాత్రం విరిగిన ముక్కను పైకి లాగుతూనే ఉంటాయి. వెనుకటి రోజులలో కాలికి బరువు వేలాడదీసి ఆరు వారాలు, పన్నెండు వారాలు పడుకోబెట్టేవారు. కొందరికి ఎముక అతుక్కునేది కూడా, కాలు వంకరగానో పొట్టిగానో. తక్కినవారి సంగతి ఇందాక చెప్పాను.

మన ఊరివారికి క్రేను గురించి నేను చెప్పనక్కరలేదు. పోర్టులో, షిప్‌యార్డులో పనిచేసినవారు ఇక్కడే ఉంటారు. క్రేను బరువును తన స్తంభానికి సూటిగా పైన ఎత్తదు. పక్కకు చాచిన చేతితో ఎత్తుతుంది. అందుకే ఆ చేయి స్తంభాన్ని కలిసే మెడ దగ్గర ఒత్తిడి అంత ఎక్కువ. మీ తొడ ఎముక పైభాగం అచ్చంగా ఇలాగే ఉంటుంది. నిలువుగా ఉన్న తొడ ఎముక మీద నుంచి ఒక మెడ పక్కకు వంగి, దాని చివర ఒక బంతి. ఆ బంతి కటి ఎముకలోని గిన్నెలో కూర్చుంటుంది. మీ శరీర బరువంతా ఆ వంగిన మెడ మీదుగా కాలిలోకి దిగుతుంది. ఈ పోలిక నేను కల్పించింది కాదు. 1866లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రవేత్త తొడ ఎముకను నిలువుగా కోసి, లోపలి సన్నని ఎముక గీతల బొమ్మ వేశారు. కుల్మన్ అనే ఇంజనీరు ఆ బొమ్మను చూసి, తాను లెక్కవేసిన క్రేనులో ఒత్తిడి గీతలు ఎలా సాగుతాయో ఇవీ అలాగే ఉన్నాయని గుర్తించారు. ఇంజనీర్లు, ఎముకల డాక్టర్లు ఒకరి భాష ఒకరు నేర్చుకోవడానికి ఆ బొమ్మ ఒక మొదలు.

ఇప్పుడు బరువు లెక్క. మీరు నడుస్తూ ఒంటికాలి మీద ఉన్న క్షణంలో తుంటి కీలు మీద పడేది మీ బరువు ఒక్కటే కాదు. శరీరం రెండో పక్కకు ఒరిగిపోకుండా పక్కనున్న కండరాలు గట్టిగా లాగి పట్టాలి. ఆ లాగుడు కూడా కీలు మీదే పడుతుంది. రెండూ కలిపి శరీర బరువుకు రెండున్నర రెట్లు దాకా అవుతుంది. యాభై కిలోల మామ్మ అడుగు వేస్తే ఆమె తుంటి నూట ఇరవై కిలోలకు పైగా మోస్తున్నదన్నమాట. తూలి తమాయించుకుంటే అంతకు ఎన్నో రెట్లు. చేతికర్ర విరిగిన కాలి పక్క కాకుండా ఎదుటి చేతిలో పట్టుకోమని మేము చెప్పేది ఇందుకే. అప్పుడు ఆ కండరాల లాగుడు తగ్గుతుంది, కీలు మీద బరువూ తగ్గుతుంది. చాలామంది నొప్పి ఉన్న పక్కనే కర్ర పట్టుకుంటారు.

"పడుకుని ఉంటే బరువు పడదు కదా" అనుకుంటారేమో. పడుతుంది. బెడ్‌పాన్ కోసం నడుము పైకెత్తినా, కాలు చాచి గాలిలోకి లేపినా తుంటి మీద బాగా ఒత్తిడి వస్తుంది. బాగా బిగించిన తుంటికి వాకరుతో మెల్లగా బాత్రూముకు నడవడం, మంచం మీద ఆ అవస్థ పడడం కంటే పెద్ద ప్రమాదమేమీ కాదు.

ఇక విరిగిన చోటు ముఖ్యం. కేసు కాగితం మీద రెండు పేర్లలో ఒకటి సాధారణంగా ఉంటుంది. మొదటిది నెక్ ఆఫ్ ఫీమర్ ఫ్రాక్చర్, అంటే మెడ విరగడం. ఇక్కడ చిక్కు రక్తంతో. బంతికి రక్తం తీసుకువెళ్ళే సన్నని నాళాలు ఆ మెడను ఆనుకునే పైకి వెళతాయి. మెడ విరిగి ముక్క జరిగిపోతే ఆ నాళాలు తెగుతాయి, బంతి మెల్లగా చచ్చిపోవచ్చు. పైగా పగులు ఎంత నిలువుగా ఉంటే అంత చెడ్డది. అడ్డంగా ఉన్న పగులు మీద బరువు పడితే ముక్కలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. నిలువుగా ఉంటే ఒకదాని మీద నుంచి ఒకటి జారతాయి. పగులు వాలును బట్టి ఈ విరుగుళ్ళను 1935లో జర్మనీకి చెందిన పావెల్స్ అనే డాక్టరు మూడు రకాలుగా విభజించారు. ఇప్పటికీ మేము ఆ వాలు చూస్తాము.

అందుకే వయసును బట్టి చికిత్స మారుతుంది. బైకు ప్రమాదంలో మెడ విరిగిన ముప్ఫై ఏళ్ళ కుర్రవాడికి సొంత బంతిని కాపాడాలని వీలైనంత త్వరగా సరిచేసి స్క్రూలు వేస్తాము. డెబ్బై, ఎనభై ఏళ్ళ మనిషికి మెడ విరిగి జరిగిపోతే స్క్రూలు వేసి, బంతి బతుకుతుందా లేదా అని ఏడాది ఎదురుచూసి, మళ్ళీ రెండో ఆపరేషను చేయడం కంటే మొదటే లోహపు బంతి పెట్టడం మేలు. ముక్క జరగకుండా కుదురుగా ఉంటే మాత్రం పెద్దవారికైనా స్క్రూలతో సరిపోవచ్చు. బంతి ఒక్కటి మార్చవచ్చు, ఆరోగ్యంగా బాగా తిరిగే మనిషి అయితే గిన్నెతో సహా మార్చవచ్చు.

దీనికి మీరందరూ టీవీలో చూసిన ఉదాహరణ ఉంది. 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావుగారు ఎర్రవల్లిలోని తమ ఇంట్లో జారిపడ్డారు. ఎడమ తుంటి మెడ విరిగిందని హైదరాబాదు యశోద ఆస్పత్రి ప్రకటించింది. 8వ తేదీన తుంటి మార్పిడి జరిగింది. మరునాడే ఆయన వాకరు పట్టుకుని అడుగులు వేశారు. అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు. పెద్ద నాయకుడు కాబట్టి అలా చేశారని అనుకోకండి. మన మామ్మకైనా, తాతగారికైనా సరైన పద్ధతి అదే.

రెండో పేరు ఇంటర్‌ట్రొకాంటరిక్ ఫ్రాక్చర్. మెడ కిందుగా, తొడ ఎముక మొదలయ్యే వెడల్పు చోట విరగడం. ఇక్కడ రక్తానికి లోటు లేదు, ఎముక అతుక్కుంటుంది. చిక్కంతా నిలకడతో. రెండే ముక్కలై, లోపలి పక్క ఎముక గట్టిగా ఉంటే సరిచేయగానే ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. లోపలి పక్క ముక్క ఊడిపోతే గోడ కింద పునాది రాయి లాగేసినట్టే, బంతి లోపలికి వాలిపోతుంది. మేము నిలకడ ఉన్నది, లేనిది అని రెండుగా చెప్పేది దీన్నే. మీ డాక్టరును ధైర్యంగా అడగండి, మా అమ్మగారిది ఏ రకం అని.

బిగించడానికి ముఖ్యంగా రెండు సాధనాలు. ఒకటి డి.హెచ్.ఎస్. అనే ప్లేటు. ఎముక బయటి పక్క ఒక ప్లేటు, దాని గొట్టంలోంచి బంతిలోకి వెళ్ళే ఒక లావు స్క్రూ. ఆ స్క్రూ గొట్టంలో మడత గొడుగు కడ్డీలా కొద్దిగా జారగలదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన సదుపాయం. పూర్వం జారని బిగుతు సాధనాలు ఉండేవి. నడుస్తుంటే ముక్కలు దగ్గరకు రావాలని చూసేవి, లోహం రానిచ్చేది కాదు, చివరకు లోహం విరిగేది లేదా స్క్రూ బంతిని చీల్చుకుని బయటికి వచ్చేది. జారే స్క్రూతో ముక్కలు నొక్కుకుని గట్టిపడతాయి. దానివల్ల కాలు కాస్త పొట్టి కావచ్చు. చెప్పు మడమ కాస్త ఎత్తు చేయిస్తే సరిపోతుంది.

రెండోది పి.ఎఫ్.ఎన్. అనే రాడ్డు. ఇది ఎముక లోపలి బోలులోకి దిగుతుంది, దాని గుండా బంతిలోకి స్క్రూలు వెళతాయి. నీళ్ళ బకెట్టును ఒంటికి ఆనించి మోస్తే సులువు, చేయి చాచి మోస్తే భుజం పడిపోతుంది. ప్లేటు బయట ఉంటుంది, రాడ్డు బరువు దిగే దారికి దగ్గరగా లోపల ఉంటుంది. అందుకని నిలకడలేని విరుగుళ్ళకు, పగులు ఎదురు వాలుగా ఉన్నప్పుడు, బయటి గోడ కూడా చిట్లినప్పుడు రాడ్డు మేలు. నిలకడ ఉన్న సాదా విరుగుడుకు డి.హెచ్.ఎస్. చక్కగా సరిపోతుంది. ఖరీదైనదే మంచిదని పట్టుబట్టనక్కరలేదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే అప్పు చేసి మరీ ఖరీదైనది వేయమని అడిగేవారు ఉన్నారు.

ఏది వేసినా, వేసిన తీరు ముఖ్యం. పెద్దవారి ఎముక చెదలు తిన్న కర్ర లాంటిది. అంచున కొట్టిన మేకు నిలవదు. స్క్రూ కొన బంతి నడిమధ్యన, లోతుగా ఉండాలి. ఎదురుగా, పక్కగా తీసిన రెండు ఎక్స్‌రేలలో స్క్రూ కొన నుంచి బంతి శిఖరం వరకు ఉన్న దూరాలను కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలని అమెరికాలో బామ్‌గార్ట్‌నర్, ఆయన తోటివారు 1995లో చెప్పారు. ఆ కొలతను నేటికీ పాటిస్తున్నాము.

లోహం విరుగుతుందా అని స్టీల్ ప్లాంటు కుటుంబాలవారు తప్పక అడుగుతారు, వారికి ఉక్కు సంగతి తెలుసు కాబట్టి. మేము వాడేది తుప్పు పట్టని ప్రత్యేకమైన స్టీలు గానీ, టైటానియం గానీ. ఒక్కసారి మోసే బరువుకు అది విరగదు. కానీ సెంట్రింగు పనివారు కట్టు తీగను ఎలా తెంపుతారో చూడండి. అటూ ఇటూ వంచి, వంచి తెంపుతారు. అడుగడుగునా కొద్దికొద్దిగా వంగే లోహం అలాగే అలసిపోతుంది. ఎముక అతుక్కోవడం ఒక పక్క, లోహం అలసిపోవడం ఒక పక్క, రెండింటికీ పందెం. మూడు నాలుగు నెలలలో ఎముక గెలవాలి. నెలలు గడిచినా తొడలో నొప్పి తగ్గక, ఇంకా పెరుగుతుంటే పందెంలో ఎముక వెనుకబడిందేమో చూడాలి. "మామూలే" అని ఊరుకోకుండా ఎక్స్‌రేకు తీసుకురండి.

ఇప్పుడు ఆలస్యం గురించి. ఆస్పత్రిలో చేరిన రోజు గానీ మరుసటి రోజు గానీ ఆపరేషను చేయాలని ఇంగ్లండులో 2011 నుంచి నియమం పెట్టుకున్నారు. మన దేశంతో సహా 17 దేశాలలో, సుమారు మూడు వేల మంది రోగులతో చేసిన ఒక పెద్ద పరిశీలన 2020లో వెలువడింది. నిర్ధారణ అయిన ఆరు గంటలకు కొందరికి, ఒక రోజు అటు ఇటుగా కొందరికి ఆపరేషను చేశారు. చావుల లెక్కలో పెద్ద తేడా రాలేదు. కానీ త్వరగా చేసినవారిలో మతి తప్పడం తగ్గింది, వారు త్వరగా నిలబడ్డారు, త్వరగా ఇంటికి వెళ్ళారు. దీన్నిబట్టి గంటలు లెక్కపెట్టి కంగారుపడనక్కరలేదు. రోజులు మాత్రం పోనివ్వకూడదు.

ఆగవలసిన కారణాలు కొన్ని ఉన్నాయి. రక్తం పలచబరచే మందు వాడుతున్నా, గుండె వేగం అదుపు తప్పినా, ఊపిరితిత్తులలో నిమ్ము ఉన్నా, ఒంట్లో ఉప్పు బాగా తగ్గినా వాటిని సరిచేయాలి. మత్తు డాక్టరు ఆగమంటే ఆగండి. బీపీ, షుగరు ఉన్నాయన్న ఒక్క కారణంతో ఎవరూ వారాలు ఆగనక్కరలేదు. ఇక అమావాస్య వెళ్ళాలని, దుబాయి నుంచి పెద్దబ్బాయి దిగితేగాని సంతకం పెట్టమని ఆపేవి వేరు. పెద్దబ్బాయి వచ్చేసరికి మామ్మ కూర్చుని పలకరించేలా ఉండాలా, నడుము మీద పుండుతో మూలుగుతూ ఉండాలా? ఫోనులో మాట్లాడండి, నిర్ణయం ఆ రోజే తీసుకోండి. మందుల చీటీలు, పాత ఈసీజీలు అన్నీ ఒక సంచిలో పెట్టి తెండి. రక్తం ఇవ్వగలవారిని ఇద్దరిని సిద్ధంగా ఉంచండి.

అందరికీ ఆపరేషను సాధ్యం కాదు. పడకముందే నెలల తరబడి మంచం పట్టి, గుండె, మూత్రపిండాలు చేతులెత్తేసినవారు కొద్దిమంది ఉంటారు. అప్పుడు నొప్పి లేకుండా చూసి, పక్క మార్చడానికి వీలుగా సాకడమే వైద్యం. అది కూడా డాక్టరూ మీరూ కలిసి కూర్చుని తేల్చుకోవలసినది.

డబ్బు విషయం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన రాష్ట్ర పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది. 70 ఏళ్ళు దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రవేశపెట్టింది. ఏ ఆపరేషను దేని కిందికి వస్తుందో చేరిన రోజే కౌంటరులో అడగండి. ఈ.ఎస్.ఐ., కంపెనీ కార్డులు ఉన్నవారు అవీ తెండి. ఏదీ కుదరకపోతే పట్నంలో 1923 నుంచి కింగ్ జార్జి ఆస్పత్రి ఉంది, అక్కడికి వెళ్ళడానికి సిగ్గుపడకండి.

ఆపరేషను అయిన మరునాడు ఫిజియోథెరపీ వారు వచ్చి లేపుతారు. అప్పుడు "పాపం, నొప్పి అంటోంది, రేపు చూద్దాం" అని మీరు అడ్డుపడకండి. నొప్పికి మందు అడగండి, నిలబడడం మాత్రం ఆపకండి. కాలి మీద ఎంత బరువు మోపవచ్చో డాక్టరును అడిగి, ఆ మాటనే రాత్రి కాపలా ఉండేవారికీ చెప్పండి. పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టేవారు ఇంకా ఉన్నారు. గాయం మానడానికి కావలసిందే పప్పు, గుడ్డు, చేప, పాలు. పచ్చడి మెతుకులతో మామ్మ కండ కరిగిపోతుంది. ఇంటికి వెళ్ళేముందే కమోడు కుర్చీ ఒకటి చూడండి. బంతి మార్చినవారు కొన్నాళ్ళు నేల మీద కూర్చోకూడదు, మఠం వేయకూడదు.

ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే అవకాశం ఎక్కువ. ఎముక గుల్లబారినందువల్లనే మొదటిది విరిగింది కదా. క్యాల్షియం, విటమిన్ డి తోపాటు ఎముక బలానికి మందులు ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారి సెలైనులో ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే మందును తుంటి ఆపరేషను తరువాత ఇస్తే కొత్తగా ఎముకలు విరగడం మూడో వంతుకు పైగా తగ్గిందని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. మరణాలు కూడా తగ్గాయి. మూత్రపిండాల పరీక్ష, విటమిన్ డి చూసి ఇస్తారు. కుట్లు తీయించుకోవడానికి వచ్చినప్పుడు ఈ మందు సంగతి మీరే అడగండి. ఎముక అతికిందన్న సంతోషంలో మా వాళ్ళూ మీరూ దీన్ని మరిచిపోతుంటాము.

"ప్లేటు మళ్ళీ ఎప్పుడు తీయించాలి?" అని వెనుక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు. పెద్దవారికి తీయనక్కరలేదు. నొప్పి, చీము లాంటి ఇబ్బంది లేకుంటే జీవితాంతం ఉంచవచ్చు. తీస్తే ఆ రంధ్రాల దగ్గర ఎముక కొన్నాళ్ళు బలహీనంగా ఉంటుంది. తరువాత ఎప్పుడైనా ఎమ్మారై తీయవలసి వస్తే లోపల లోహం ఉందని ముందుగా చెప్పండి. డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా దాచండి, ఏ లోహం, ఏ సైజు వేశారో అందులో ఉంటుంది.